దుమ్ముకు ధర: కర్నూలు, కడప పరిశ్రమల్లో ధూళి సేకరణ

మంత్రాలయం దగ్గర తుంగభద్రను వదిలి ఆగ్నేయ దిశగా కడప సీమ చివరిదాకా వెళ్తే, దుమ్ము పుట్టించే పరిశ్రమలు దాదాపు అన్ని రకాలూ దారిలో తగులుతాయి. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులు, బేతంచెర్ల, కొలిమిగుండ్ల పరిసరాల్లో నాపరాయి పాలిషింగ్ ఫ్యాక్టరీలు, ఊరూరా కంకర మిషన్లు, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలు, ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం, ఇంకా తూర్పుకు పోతే మంగంపేట ముగ్గురాయి గనులు, ఆ రాయిని పిండి చేసే మిల్లులు. ఏడాదికి 600–700 మిల్లీమీటర్ల వాన పడే నేల మీద ఇవన్నీ నడుస్తున్నాయి. వీటిలో కొన్నిచోట్ల దుమ్మును పట్టడానికి కోట్ల రూపాయల యంత్రాలున్నాయి. కొన్నిచోట్ల పనివాడి మొహానికి చుట్టుకున్న తువ్వాలే ఉంది. పెద్ద కంపెనీకి స్తోమత ఉంది, చిన్నవాడికి లేదు అన్నది దీనికి మామూలుగా చెప్పే కారణం. అది సగమే నిజం. పట్టిన దుమ్ము సరుకుగా పనికొచ్చే చోట యజమాని ఎవరూ చెప్పకుండానే దాన్ని పడతాడు. ఆ దుమ్ముకు విలువ తగ్గుతున్న కొద్దీ చట్టం చేత పట్టించాల్సి వస్తుంది. విలువా లేక, చట్టమూ అందని చోట అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ధూళి సేకరణ యంత్రాల పనితీరు తెలిస్తే ఈ విభజన ఎందుకు ఏర్పడిందో తేటపడుతుంది. దీని మూలం మనుషుల స్వభావంలో కంటే కణాల పరిమాణంలోనే ఎక్కువగా ఉంది.

దుమ్ము అని ఒకే మాటతో పిలిచేదానిలో వెయ్యి రెట్ల తేడా ఉన్న కణాలుంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చెట్ల ఆకుల మీద తెల్లగా పేరుకుని, ఊరివాళ్ల ఫిర్యాదుకు కారణమయ్యే పొడి ఎక్కువగా పదుల మైక్రాన్ల ముతక రకం. ముక్కు, గొంతు దాన్ని చాలావరకు ఆపేస్తాయి. ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి గదుల దాకా చేరేవి సుమారు 4–5 మైక్రాన్లకు లోపలివి, విడిగా కంటికి కనబడనివి. గాలిలో ఇవి పడిపోయే వేగం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. నిశ్చలమైన గాలిలో 10 మైక్రాన్ల రాతి కణం సెకనుకు 8 మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది కనుక మనిషి ఎత్తు నుంచి నేలకు చేరడానికి నాలుగైదు నిమిషాలు చాలు. అదే రాయి 1 మైక్రాన్ కణమైతే ఆరు గంటల దాకా పడుతుంది. మిల్లులో నిశ్చలమైన గాలి ఎక్కడా ఉండదు కాబట్టి, పొద్దున లేచిన సన్నపు పొడి సాయంత్రం షిఫ్టు వాళ్లు వచ్చేదాకా అక్కడే తేలుతుంటుంది. కంటికి కనబడే దుమ్ము తగ్గింది కదా అని సంతోషించడం అందుకే తొందరపాటు. యంత్రాలన్నీ ముందుగా పట్టేది ఆ కనబడేదాన్నే.

ఏ ధూళి వ్యవస్థకైనా నాలుగు అంగాలు: దుమ్ము పుట్టే చోట దాన్ని లాగే హుడ్, మోసుకుపోయే గొట్టం, గాలి నుంచి విడదీసే యంత్రం, వీటన్నిటి గుండా గాలిని ఈడ్చే ఫ్యాన్. అందరి చూపూ మూడోదాని మీదే పడుతుంది, ఎందుకంటే ఎత్తుగా నిలబడి కనిపించేదీ, కొటేషన్‌లో పెద్ద అంకె ఉండేదీ అదే. కానీ పని చెడేది ఎక్కువగా మొదటి దగ్గర. గాలిని ఊదితే చాలా దూరం పోతుంది. లాగితే మాత్రం మూతి దగ్గరే ఆ బలం ఉంటుంది. గొట్టం వ్యాసమంత దూరం జరిగితే చాలు, లాగుడు వేగం పదో వంతుకు పడిపోతుంది. కన్వేయర్ బెల్టు మీద రాయి పడే చోట దుమ్మును పట్టాలంటే అక్కడ గాలి సెకనుకు ఒకటి రెండు మీటర్ల వేగంతో లోపలికి రావాలి. హుడ్‌ను అడుగు దూరం వెనక్కి బిగిస్తే అదే ఫలితానికి ఎన్నో రెట్లు గాలి లాగాలి, దానికి తగ్గ ఫ్యాన్, కరెంటు, వడపోత అన్నీ పెరుగుతాయి. అందుకే మంచి డిజైనరు ముందు యంత్రాన్ని రేకులతో మూసి, తరువాతే గాలి లెక్క వేస్తాడు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షను ఈ సూత్రాన్నే చెప్పింది: దుమ్ము పుట్టే చోటుకు వీలైనంత దగ్గరగా ఎగ్జాస్ట్ పెట్టాలి, ఆ చోటును వీలైనంత మూయాలి. చట్టాల్లో ఇంత సరైన ఇంజనీరింగ్ అరుదు. గొట్టం విషయం తొందరగా చెప్పుకోవచ్చు: ఖనిజ ధూళిని మోసే గొట్టంలో గాలి వేగం సెకనుకు 18–20 మీటర్లకు తగ్గకూడదు. తగ్గితే దుమ్ము గొట్టంలోనే దిగి పేరుకుంటుంది, కొన్నాళ్లకు మొత్తం వ్యవస్థ పేరుకు మాత్రమే మిగులుతుంది.

విడదీసే యంత్రాల్లో సైక్లోన్ చాలా పాతది, చాలా చవకది. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గింజ దగ్గర పడి పొట్టు దూరంగా కొట్టుకుపోయినట్టే, ఇక్కడ కూడా బరువైనది గాలి వెంట పోలేక విడిపోతుంది. తేడా ఏమంటే గాలిని గరాటు ఆకారపు డబ్బాలో గిర్రున తిప్పి, భూమి ఆకర్షణకు ఎన్నో రెట్ల బలాన్ని కణాల మీద పెడతారు. అవి గోడకు తగిలి కిందికి జారుతాయి, గాలి మధ్యలోంచి పైకి పోతుంది. దీని మీద 1880లలోనే అమెరికాలో పేటెంట్లు వచ్చాయి. కదిలే భాగాల్లేవు, చాలా వేడిని కూడా తట్టుకుంటుంది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాల్లో దూరం నుంచి కనిపించే ఎత్తైన కట్టడం నిజానికి ఒకదాని మీద ఒకటి పేర్చిన సైక్లోన్ల వరుస. కొలిమి నుంచి వచ్చే వేడి గాలికి రాతి పిండి ఎదురై, వేడెక్కి, ఒక్కో సైక్లోన్‌లో విడిపోతూ కిందికి దిగుతుంది. 10 మైక్రాన్లకు పైబడినవాటిని సైక్లోన్ చక్కగా పడుతుంది. 5 మైక్రాన్ల దిగువన దాని పట్టు వేగంగా సడలుతుంది. అంటే ఊపిరితిత్తులకు హాని ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడే ఈ చవక యంత్రం చేతులెత్తేస్తుంది.

ఆ మిగిలిన సన్నపు పొడికి సంచి వడపోత కావాలి. దీన్ని ఫ్యాక్టరీల్లో బ్యాగ్ ఫిల్టర్ అనీ, పెద్దదైతే బ్యాగ్ హౌస్ అనీ అంటారు. వందల, వేల గుడ్డ సంచులను తీగ పంజరాల మీద తొడిగి వేలాడదీస్తారు. గాలి బయటి నుంచి సంచి లోపలికి దూరుతుంది, దుమ్ము బయటి ముఖాన నిలుస్తుంది. వడపోత చేసేది గుడ్డ అనుకుంటారు, కానీ గుడ్డ దారాల మధ్య సందులు చాలా కణాల కన్నా పెద్దవే. గుడ్డ మీద మొదట పేరుకున్న పలచటి దుమ్ము పొరే తరువాత వచ్చే దుమ్మును ఆపుతుంది. అందుకే కొత్త సంచుల కంటే కొన్నాళ్లు వాడిన సంచులు బాగా పని చేస్తాయి, అతిగా దులిపితే పనితీరు చెడుతుంది. పొర మందమైతే గాలికి అడ్డం పెరుగుతుంది కనుక, 1950ల చివర నుంచి వచ్చిన పల్స్ జెట్ పద్ధతిలో సంచి పైనుంచి 5–7 బార్ల ఒత్తిడితో గాలిని రెప్పపాటు సేపు వదులుతారు. సంచి ఉబ్బి దులుపుకుంటుంది, పొడి కింది హాపర్‌లో పడుతుంది. చాలా పెద్ద కణాలు గుద్దుకుని, మధ్యరకం తగులుకుని, అతి సన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ చెదురుతూ పోయి పొరలో చిక్కుతాయి. ఈ రెండు చివరల మధ్య, 0.3 మైక్రాన్ ప్రాంతంలో ఉన్నవి తప్పించుకోవడంలో ఘటికులు. ఆసుపత్రుల్లోనూ మందుల ఫ్యాక్టరీల్లోనూ వాడే హెపా ఫిల్టర్‌ను ఆ పరిమాణం దగ్గర 99.97 శాతం ఆపుతుందా అని పరీక్షించడం ఇందుకే. సంచికి వేడే శత్రువు. పాలిస్టర్ సుమారు 130 డిగ్రీల దాకా, పూత వేసిన గాజునార 260 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. ఒక్క సంచి చిరిగినా వందల సంచుల ఫలితం పాడవుతుంది.

ఇప్పుడు ధర సంగతి. సిమెంటు కొలిమి పై సైక్లోన్ దాటి వచ్చే గాలిలో ఘనమీటరుకు పదుల గ్రాముల రాతి పిండి ఇంకా ఉంటుంది. టన్ను క్లింకరుకు (కొలిమిలో కాలి వచ్చే సిమెంటు గడ్డలకు) సుమారు 100 కిలోలు అని లెక్క కట్టవచ్చు. రోజుకు 5,000 టన్నుల క్లింకరు తీసే కొలిమి అనుకుంటే రోజుకు 500 టన్నుల పిండి. సున్నపురాయి తవ్వి, లారీల్లో తెచ్చి, పగలగొట్టి, కరెంటు పెట్టి పిండి చేసినది. దాన్ని గాలికి వదిలే యజమాని ప్రపంచంలో ఎక్కడా ఉండడు. చట్టం లేకపోయినా పడతాడు, పట్టి మళ్లీ కొలిమిలోకే పంపుతాడు. అయితే అదే పొగగొట్టం నుంచి వెళ్లే దుమ్మును ఘనమీటరుకు 150 మిల్లీగ్రాముల నుంచి 30కి తగ్గించమంటే? టన్ను క్లింకరుకు 2,000 ఘనమీటర్ల గాలి చొప్పున వేసినా రోజంతటికీ అదనంగా దొరికేది 1,200 కిలోల పిండి. సంచులు మార్చే ఖర్చు, ఫ్యాన్ లాగే కరెంటు ముందు అది ఏ మూలకూ రాదు. కానీ ఊపిరికి సంబంధించినంత వరకు అసలు దుమ్ము ఆ 1,200 కిలోలే, ఎందుకంటే చివరికి మిగిలేది సన్నదే. 2014 ఆగస్టు 25న కేంద్రం కొత్త సిమెంటు కొలిములకు 30 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఆ హద్దు చేయించిన పని ఇదీ. 500 టన్నులు పట్టించింది ధర, ఆ పైన ఒక టన్ను చిల్లర పట్టించింది చట్టం.

ఈ వాదం ఒక్క లెక్క మీదే ఆధారపడలేదని చెప్పడానికి విద్యుత్ ధూళి గ్రాహకం చరిత్ర చాలు. ఫ్యాక్టరీ భాషలో దాన్ని ఈఎస్‌పీ అంటారు. పెద్ద ఉక్కు పలకల మధ్య తీగలు వేలాడదీసి వాటికి పదుల వేల వోల్టుల రుణ విద్యుత్తు ఇస్తారు. కణాలు ఆవేశం పుచ్చుకుని పలకలకు అంటుకుంటాయి, సుత్తులతో కొట్టి పలకలను దులుపుతారు. 1907లో కాలిఫోర్నియాలో ఫ్రెడరిక్ కాట్రెల్ దీన్ని పారిశ్రామికంగా పనికొచ్చేలా చేశాడు. అక్కడి కోల్టన్ సిమెంటు కర్మాగారం దుమ్ము నారింజ తోటల మీద పడుతోందని తోటల యజమానులు వేసిన దావాలో 1911లో రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. ఆ రోజుల్లోనే పక్కనున్న రివర్‌సైడ్ సిమెంటు కర్మాగారం కాట్రెల్ యంత్రాలను పెట్టించుకుంది. తరువాత మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి పొటాష్ రావడం ఆగిపోతే, కొలిమి దుమ్ములో ఉన్న పొటాష్‌ను తీసి అమ్ముకున్నారు. ఇక్కడ ఒక అభ్యంతరం సహజం: మొదట కోర్టే కదా కదిలించింది, ధర వెనక వచ్చింది, అలాంటప్పుడు ధరే మూలమని ఎలా అంటారు? ఏది ముందు, ఏది వెనక అన్నది నా వాదం కాదు. ఏది ఎంత మేరకు పని చేస్తుందన్నదే. తోటకు నష్టం అని దావా వేయగలిగింది కూడా నారింజకు ధర ఉంది కాబట్టే. కర్మాగారం లోపల పని చేసినవాళ్ల ఊపిరి గురించి ఆ తీర్పు కాదు.

ఈఎస్‌పీ గణితం ఈ సంగతిని ఇంకా సూటిగా చూపిస్తుంది. 1922 నాటి డాయిచ్ సూత్రం ప్రకారం కొంత పలకల విస్తీర్ణం 90 శాతం పడితే, రెట్టింపు విస్తీర్ణం 99 శాతం, మూడింతలు 99.9 శాతం పడుతుంది. ప్రతి మెట్టుకూ ఖర్చు ఒకటే, దొరికే పొడి మాత్రం మెట్టుమెట్టుకూ పదో వంతు. ఎక్కడో ఒక మెట్టు దగ్గర వ్యాపారి లెక్క ఆగిపోవాల్సిందే. ముద్దనూరు కేంద్రానికి దీనికి తోడు ఇంకో చిక్కు. మన దేశపు బొగ్గులో బూడిద 30–45 శాతం దాకా ఉంటుంది, గంధకం బాగా తక్కువ. గంధకం తక్కువైతే పొగకు మంచిదే కానీ బూడిద విద్యుత్తును సులభంగా పోనివ్వదు, పలక మీద పేరుకున్న పొర తన ఆవేశాన్ని వదలదు, కొత్త కణాలు అంటుకోవు. అందుకని ఇక్కడి ఈఎస్‌పీలు విదేశాల వాటి కంటే చాలా పెద్దవిగా కట్టాలి. 1994లో 210 మెగావాట్ల మొదటి యూనిట్‌తో మొదలై ఈ కేంద్రం 1,650 మెగావాట్లకు పెరిగింది. 2015 డిసెంబరు నాటి నిబంధనలు పాత యూనిట్లకు ఘనమీటరుకు 100, 2004–2016 మధ్య కట్టినవాటికి 50, తరువాతివాటికి 30 మిల్లీగ్రాముల హద్దు పెట్టాయి. ఇక పట్టిన బూడిద కథ మరీ విచిత్రం. చాలాకాలం అది చెరువుల్లో పోసే దరిద్రం. 1999లో కేంద్రం బూడిద వాడకం మీద నోటిఫికేషన్ ఇచ్చాక, సిమెంటులో కలపడం పెరిగాక, అదే సరుకైంది. 2024 నవంబరులో ఈ బూడిదను ఎవరి లారీలు తోలాలన్న దాని మీద జమ్మలమడుగు, తాడిపత్రి వర్గాల తగాదా పోలీసు బందోబస్తు దాకా పోయింది. ధర వచ్చిన దుమ్ము కోసం మనుషులు కొట్లాడుకుంటారని ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మంగంపేట మిల్లుల్లో ధరకూ దుమ్ముకూ తేడానే లేదు. ప్రపంచంలో పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటైన అక్కడి రాయిని 75 మైక్రాన్ల జల్లెడ దాటేంత మెత్తగా విసిరి చమురు బావుల తవ్వకానికి పంపుతారు. గాలిలో తేలే పిండే అమ్ముడుపోయే సరుకు, కనుక సైక్లోన్, సంచులు మిల్లులో భాగమే. దుమ్ము లేచేది మిల్లు అయిపోయాక, బస్తాలు నింపే చోట. ఆదోని జిన్నింగులో ఇదే గీత ఇంకొక రూపంలో ఉంది. దూది గాలి గొట్టాల్లో వచ్చి జల్లెడ డోలు మీద నిలుస్తుంది, ఒక్క పోగు పోకుండా చూస్తారు. జల్లెడ దాటిన గాలిలో ఆకు తునకలు, మట్టి, సూక్ష్మజీవుల విషాలు ఉంటాయి. వాటిని కొనేవాడు లేడు. పత్తి దుమ్ము వల్ల వచ్చే బిసినోసిస్‌కు ఒక ప్రత్యేక లక్షణం ఉంది: సెలవు తరువాత మళ్లీ పనిలోకి వచ్చిన మొదటి రోజునే ఛాతీ బిగుసుకుంటుంది. ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు పని చోటి గాలిలో పత్తి దుమ్ముకు ఘనమీటరుకు 0.2 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. సిమెంటు దుమ్ముకు అదే షెడ్యూలులో హద్దు 10 మిల్లీగ్రాములు. సిమెంటు చూడటానికి భయంకరంగా ఉంటుంది, దూది మెత్తగా ఉంటుంది. చట్టం చూపుకు మాత్రం దూది దుమ్ము యాభై రెట్లు కఠినమైనది.

నాపరాయి ఫ్యాక్టరీల సంగతికి వస్తే, అక్కడ నీళ్లు పోస్తూ కోస్తారు కాబట్టి దుమ్మే లేదంటారు. వజ్రపు రంపం కింద నీళ్లు పడుతున్నంత సేపు ఆ మాట నిజం. కానీ నీళ్లు దుమ్మును మాయం చేయవు, దాన్ని స్లర్రీగా మారుస్తాయి. ఆ తెల్లటి బురదను రోడ్ల పక్కన, వంకల్లో పోస్తే ఎండకు ఎండి, లారీ చక్రాల కింద నలిగి, మళ్లీ గాలిలోకి లేస్తుంది. అంచులు సరిచేసే పని పొడిగా చేసే చోట్ల నీళ్ల రక్షణా ఉండదు. కంకర మిషన్ల దగ్గర నీళ్లు చిమ్మడం ఇంకా తక్కువ ఫలితమిస్తుంది: చుక్క పెద్దదైతే చిన్న కణం దాన్ని తాకకుండానే పక్కకు జారిపోతుంది, చుక్క మరీ చిన్నదైతే సీమ ఎండకు పనిచేసేలోగా ఆవిరైపోతుంది. బోర్లు అడుగంటే ఊళ్లలో ఆ నీళ్లు ఎక్కడివి అన్నది వేరే ప్రశ్న. నాపరాయి స్లర్రీ నిజానికి సున్నపురాయి పిండే, సిమెంటు కొలిమికి పనికొచ్చే సరుకే, కొలిములు కూడా దగ్గరలోనే ఉన్నాయి. అడ్డం వచ్చేది తడి బరువూ రవాణా ఖర్చూ. ఆ తేడాను ఎవరైనా భరిస్తే ఈ దుమ్ముకు ముద్దనూరు బూడిదకు పట్టిన యోగమే పట్టవచ్చు.

ఈ నేలే దుమ్ము నేల, వేసవి గాలికి మట్టి లేవడం తరతరాలుగా ఉన్నదే, ఫ్యాక్టరీలను మాత్రమే అనడం ఎందుకు అని అడిగేవారున్నారు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో కర్నూలు, కడప రెండూ ఉన్నాయి, అందులో మట్టి వాటా, రోడ్ల వాటా లేకపోలేదు. అయినా గాలి లేపే మట్టి ఎక్కువగా ముతకది, కొన్ని నెలలది. మిషన్ కింద అప్పుడే పగిలిన స్ఫటిక (క్వార్ట్జ్) కణం సన్నది, ఏడాదంతా పుట్టేది. పైగా తాజాగా పగిలిన స్ఫటికపు ముఖం పాతదాని కంటే ఊపిరితిత్తుల్లో ఎక్కువ హాని చేస్తుందని పరిశోధనలు చూపాయి. ఫ్యాక్టరీల చట్టం కూడా దుమ్మును బరువుతో మాత్రమే కొలవలేదు. స్ఫటికం ఉన్న సన్నపు దుమ్ముకు హద్దు, 10ని స్ఫటిక శాతానికి 2 కలిపిన మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె. 30 శాతం స్ఫటికం ఉన్న గ్రానైటు కంకర దుమ్ముకు అది సుమారు 0.31 మిల్లీగ్రాములు. మాస్కు ఇస్తే చాలు అనే మాట ఇక్కడే తేలిపోతుంది. తువ్వాలు ఈ పరిమాణాన్ని ఆపలేదు. ఆపగల ఎన్95 మొహానికి సందు లేకుండా అతుక్కుంటేనే పని చేస్తుంది, 42 డిగ్రీల ఎండలో రాళ్లు మోసేవాడు దాన్ని షిఫ్టంతా అలా ఉంచుకోగలడని అనుకునేది ఆఫీసులో కూర్చున్నవాళ్లే.

చిన్న యూనిట్లు ఖర్చు భరించలేవన్న అభ్యంతరంలో బలముంది, కానీ అది వడపోత యంత్రం గురించే. క్రషర్ నోరు, బెల్టు మలుపులు రేకులతో మూయడం, పొడిగా కోసే చోట చేతి యంత్రానికే లాగుడు గొట్టం తగిలించడం చవకైన పనులు, ఫలితంలో పెద్ద భాగం వాటి నుంచే వస్తుంది. అసలు ఇబ్బంది చట్టం గీత గీసిన చోట ఉంది. ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడితే 10 మంది, వాడకపోతే 20 మంది పనివాళ్లున్న చోటికే వర్తించేది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ గీతను 20కి, 40కి జరిపింది. ఆరేడుగురు కూలీలతో నడిచే మిషన్ ఏ గీత ప్రకారం చూసినా బయటే. పెద్ద కర్మాగారాల పొగగొట్టాలకు 2014 నుంచి నిరంతరం లెక్క పంపే మీటర్లు ఎక్కించారు. పనివాడి గాలి కొలవాలంటే అంత యంత్రాంగం అక్కర్లేదు: నడుముకు నిమిషానికి రెండు లీటర్ల గాలి లాగే పంపు, కాలరుకు ముతక కణాలను ముందే తీసేసే వేలెడంత సైక్లోన్, దాని వెనక తూకం వేసిన వడపోత బిళ్ల. ఒక షిఫ్టు తరువాత ఆ బిళ్లను మళ్లీ తూచి, అందులో స్ఫటికం ఎంతో ప్రయోగశాలలో తేలిస్తే ఆ యూనిట్ హద్దులో ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ పంపును చిన్న యూనిట్ల కూలీల నడుముకు కట్టే బాధ్యత మాత్రం ఏ శాఖకూ స్పష్టంగా అప్పగించలేదు.